గీత గీయకముందే చదవాల్సిన చట్టం: ప్రాజెక్టుల ఇంజనీర్లకు బహిరంగ లేఖ

మిత్రులారా,

సాగునీటి శాఖల్లో, రోడ్లు భవనాల శాఖల్లో, డిజైన్ కన్సల్టెన్సీల్లో, కాంట్రాక్టర్ల సైట్ ఆఫీసుల్లో పనిచేస్తున్న తెలుగు సివిల్ ఇంజనీర్లందరికీ నమస్కారం. ముప్పై ఏళ్లు కాలువలకు అలైన్‌మెంట్లు, అంటే అవి ఏ దారిన పోవాలో చెప్పే గీతలు, గీసి, ఈ మధ్యే ఆ పని మానుకున్నదాన్ని. ఒక్క విషయం మీ చెవిన వేయాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. పర్యావరణ అనుమతి అంటే లాయర్లూ కన్సల్టెంట్లూ ఢిల్లీ తిరిగి తెచ్చే కాగితమని మనం అనుకుంటూ వచ్చాం. ఆ అనుమతిలో అడిగే ప్రశ్నలన్నీ మన డ్రాయింగు బల్ల మీదివే. వాటికి మనం అక్కడే జవాబు చెప్పలేదు కాబట్టే అవి తిరిగి తిరిగి కోర్టు మెట్లెక్కాయి.

ముందు నా తప్పు చెబుతాను.

చాలా ఏళ్ల కిందట ఒక ఎత్తిపోతల కాలువకు ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు. షామియానా వేశారు. వేదిక మీద అధికారులు, కింద రెండు మూడు వందల మంది రైతులు, చుట్టూ పోలీసులు. మ్యాపు వివరించడానికని నన్ను వెనక వరసలో కూర్చోబెట్టారు. నివేదిక ఇంగ్లిషులో ఆరు వందల పేజీల పైచిలుకు. తెలుగులో పంచిన సారాంశం పాతిక పేజీలు దాటలేదు. లేచినవాళ్లలో ఎక్కువమంది పరిహారం గురించే అడిగారు. చివర్లో ఒక పెద్దాయన లేచాడు. మైకు అందిస్తున్నా తీసుకోకుండా నావైపే చూసి అన్నాడు: “అమ్మా, కాల్వ రానీ, మాకు సంతోషమే. గని గీ కట్ట మా ఒర్రెకు అడ్డం పడుతున్నది. వానొస్తె గా నీళ్లు యాడికి పోవాలె? మా కుంట ఎట్ల నిండాలె?”

నేను మ్యాపు తిరగేశాను. ఆయన చెప్పిన చోట ఒర్రె, అంటే చిన్న వాగు, లేదు. టోపోషీట్ అనే సర్వే మ్యాపులో వాగును చూపే నీలిగీతే లేదు. మేం సర్వే చేసింది ఏప్రిల్ నెలలో. అప్పుడక్కడ తుమ్మచెట్ల మధ్య ఒక ఇసుక చార తప్ప ఏమీ కనిపించలేదు. లెవెల్ పుస్తకంలో అది చిన్న పల్లంగా నమోదైంది. నేను దాని మీదుగా మూడు మీటర్ల ఎత్తు కట్టతో కాలువ గీసేశాను. కాలువ కింద నుంచి వాగు నీళ్లు పోయేందుకు యూటీ (అండర్ టన్నెల్) పెట్టలేదు. పెద్దాయనతో “చూస్తామండీ” అన్నాను. మినిట్స్‌లో ఆయన ప్రశ్నకు ఎదురుగా “డిజైన్ దశలో పరిశీలిస్తారు” అని రాశారు. అప్పటికే డిజైన్ అయిపోయింది. టెండరూ అయిపోయింది.

మరుసటి జూలైలో వెళ్లాను. ఒర్రె మోకాలి లోతున పారుతోంది. వచ్చిన నీళ్లన్నీ కొత్త కట్టను గుద్దుకుని వెనక్కి మళ్లి, ఎగువన పదిహేను ఎకరాల పత్తిలో నిలిచాయి. దిగువన కుంట అడుగు పగుళ్లిచ్చి ఉంది. కాలువకు అటు పక్క ముంపు, ఇటు పక్క కరువు. రెండు ఖానాల యూటీ ఒకటి కట్టడానికి ఆ తర్వాత రెండేళ్లు పట్టింది. మొత్తం పనికి ఒకే ధర కట్టిన లంప్‌సమ్ ఒప్పందంలో ఆ పని లేదని ఒకరన్నారు, డిజైన్ బాధ్యత మీదే కదా అని ఇంకొకరన్నారు. రెండు పంటల నష్టం ఎవరి ఎస్టిమేట్‌లోకీ రాలేదు. అలైన్‌మెంట్ షీట్ కింద సంతకం నాది.

ఆ తర్వాతే నేను 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ మదింపు (ఈఐఏ) నోటిఫికేషన్‌ను మొదటి నుంచి చివరి దాకా కూర్చుని చదివాను. అప్పటిదాకా చదవలేదు. నిర్మాణ ప్రమాణాలు చెప్పే మన ఐఎస్ కోడ్‌లు అక్షరం అక్షరం తెలిసినవాళ్లలో ఎంతమంది దాన్ని చదివారో మీరే ఒకసారి మీ గదిలో అడిగి చూడండి. స్క్రీనింగ్ (అధ్యయనం అవసరమా అని చూడటం), స్కోపింగ్ (ఏమేం అధ్యయనం చేయాలో తేల్చడం), ప్రజాభిప్రాయ సేకరణ, మదింపు అని అందులో నాలుగు దశలున్నాయి. ఈ నాలుగూ పూర్తయి అనుమతి చేతికొచ్చాకే నిర్మాణం మొదలవ్వాలి. స్థలాన్ని కాపాడుకోవడం మినహా నేల చదును చేయడం కూడా అంతకుముందు కుదరదు. అంటే ఫెన్సింగ్ వేసుకోవచ్చు, కాపలా మనిషికి షెడ్డు కట్టుకోవచ్చు. తట్టెడు మట్టి తీయకూడదు. “ముందస్తు” అన్న మాటకు అర్థం అంతే, అందులో సందేహానికి చోటు లేదు.

మన ఆఫీసుల్లో వినిపించే మాట వేరు. “టెండర్లు పిలిచేద్దాం, క్లియరెన్సులు పారలల్‌గా వస్తాయిలే.” ఈ “పారలల్‌గా” అన్న మాట ఎంత ఖరీదైందో రెండు రాష్ట్రాల అనుభవమే చెబుతుంది.

కాళేశ్వరానికి 2016 మే నెలలో మేడిగడ్డ దగ్గర శంకుస్థాపన జరిగింది. పర్యావరణ అనుమతి వచ్చింది 2017 డిసెంబరులో. ఆ మధ్యలో 2017 అక్టోబరులో జాతీయ హరిత ట్రైబ్యునల్ పనులు ఆపమంది. 2020 అక్టోబరులో అదే ట్రైబ్యునల్, పనులు చాలావరకు చేసేశాక తెచ్చుకున్న అనుమతి చట్టానికి విరుద్ధమని తేల్చి, జరిగిన నష్టాన్ని లెక్కగట్టడానికి కమిటీ వేసింది. పాలమూరు–రంగారెడ్డి ఎత్తిపోతల పనులను 2021 అక్టోబరులో ట్రైబ్యునల్ చెన్నై బెంచి ఆపింది. 2022 డిసెంబరులో పాలమూరు–రంగారెడ్డి, డిండి పథకాలకు కలిపి సుమారు 920 కోట్ల రూపాయల పరిహారం విధించింది. దాన్ని 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు నిలిపి ఉంచింది. కృష్ణకు ఇటువైపు రాయలసీమ ఎత్తిపోతలకూ 2020లో ఇదే గతి పట్టింది, అనుమతి లేకుండా ముందుకు పోవద్దని ట్రైబ్యునల్ చెప్పింది. గోదావరి మీద పోలవరం, పట్టిసీమ, పురుషోత్తపట్నం, చింతలపూడి పథకాలకు 2021 డిసెంబరులో పడిన మొత్తం 240 కోట్లకు పైనే. ఏ పార్టీ ప్రభుత్వం అన్న లెక్క ఇక్కడ పనిచేయదు. నదికి రెండు ఒడ్డులా ఒకే అలవాటు.

పాలమూరు వలస ఎలా ఉంటుందో చూసినదాన్ని. సీమలో చుక్క నీటి కోసం ఎలా ఎదురుచూస్తారో తెలుసు. ఈ ప్రాజెక్టులు వద్దని నేను అనడం లేదు. ఆ నీళ్లు పొలం చేరడానికి ఇన్నేళ్లు ఆలస్యం కావడంలో మన వంతు ఎంత అని అడుగుతున్నాను.

ఈ కేసుల్లో నన్ను ఎక్కువగా బాధించింది “ఇది తాగునీటి పని” అన్న వాదన. తాగునీటి పథకానికి ఈ నోటిఫికేషన్ కింద అనుమతి అక్కర్లేదు. కాబట్టి మొదటి దశ పనులన్నీ తాగునీటి కోసమేనని, సాగునీరు తర్వాత వస్తుందని కోర్టుల్లో చెప్పారు. లాయరు ఆ మాట చెప్పొచ్చు, ఆయన వృత్తి అది. పంపుహౌస్ డ్రాయింగు చూసిన ఇంజనీరు ఆ మాట ఎలా ఒప్పుకుంటాడు? పాలమూరు పథకం 90 టీఎంసీలు ఎత్తిపోయడానికి తలపెట్టింది. అందులో తాగునీటి కోసం సుప్రీంకోర్టు అనుమతించిన పనులు 7.15 టీఎంసీల వరకు. సొరంగం వ్యాసం, మోటారు సామర్థ్యం, జలాశయం ఎఫ్‌ఆర్‌ఎల్ (పూర్తి నీటిమట్టం) దేనికోసం నిర్ణయించామో మన డిజైన్ లెక్కల పుస్తకంలో మొదటి పేజీలోనే ఉంటుంది. ఆ పేజీకి వ్యతిరేకంగా అఫిడవిట్‌కు సాంకేతిక వివరాలు అందించమని అడిగినప్పుడు, “ఈ లెక్క అలా లేదండీ” అని ఫైలులో ఒక్క వాక్యం రాయగలగాలి. నోటితో చెప్పడం కాదు, నోట్‌షీట్ మీద తేదీ వేసి రాయాలి. అలా రాసినందుకు బదిలీ అయినవాళ్లున్నారు, నాకు తెలుసు. అయినా ఆ వాక్యం ఉండాలి.

ఇంకొకటి, ముక్కలు చేయడం. జాతీయ రహదారి విస్తరణ 100 కిలోమీటర్లు దాటి, అదనపు భూమి నిర్ణీత వెడల్పును మించితే అనుమతి కావాలి. దాంతో దారి మొత్తాన్ని వందలోపు ముక్కలుగా నరికి కాగితాల మీద పెడతారు. ఉత్తరాఖండ్‌లో చార్‌ధామ్ రోడ్లు దాదాపు 900 కిలోమీటర్లు, వాటిని 53 పనులుగా విడగొట్టారు. సుప్రీంకోర్టు ఒక ఉన్నతస్థాయి కమిటీ వేయాల్సి వచ్చింది. 2020లో రోడ్డు వెడల్పును తగ్గించమంది, 2021 డిసెంబరులో రక్షణ అవసరాల దృష్ట్యా మూడు దారులకు పది మీటర్ల వెడల్పును ఒప్పుకుంది. తీర్పు సంగతి అలా ఉంచండి. కొండవాలు ప్యాకేజీ సరిహద్దు చూసుకుని విరగదు. వాలు స్థిరత్వం లెక్క నేర్చుకున్న మనకు ఆ విషయం ఎవరూ చెప్పనక్కర్లేదు.

న్యాయస్థానాలు కూడా ఈ విషయంలో ఒకే మాట మీద నిలబడలేదన్నది నిజమే. పని అయ్యాక ఇచ్చే అనుమతి పర్యావరణ చట్టం మూలసూత్రానికే విరుద్ధమని 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అంది. 2025 మే నెలలో వనశక్తి అనే సంస్థ వేసిన కేసులో అలాంటి అనుమతులకు దారి తీసిన 2017 నోటిఫికేషన్‌నూ, 2021 నాటి ఆఫీసు మెమోనూ కొట్టేసింది. అదే ఏడాది నవంబరులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇద్దరి మెజారిటీతో ఆ తీర్పును వెనక్కి తీసుకుంది. దీన్ని చూసి “ఇంకేం, తర్వాత తెచ్చుకోవచ్చు” అని ఊపిరి పీల్చుకున్న సహోద్యోగులను చూశాను. వాళ్లకు నా మనవి ఒక్కటే. కోర్టు తీర్పు వెనక్కి తీసుకోవచ్చు. తవ్వి పోసిన మక్‌ను (రాళ్లనూ మట్టినీ), నరికిన గుట్టను, తెగిన ఒర్రెను వెనక్కి తీసుకునే యంత్రం మన దగ్గర లేదు.

మక్ మాట వచ్చింది కాబట్టి ఉత్తరాఖండ్‌లోని అలకనంద నది గురించి చెప్పాలి. శ్రీనగర్ జలవిద్యుత్ ప్రాజెక్టు తవ్వకాల్లో వచ్చిన రాళ్లూ మట్టీ నది ఒడ్డున పోగులు పోశారు. 2013 జూన్ వరద వాటిని ఊడ్చుకుని వెళ్లి దిగువనున్న శ్రీనగర్ పట్టణం ఇళ్లల్లో పోసింది. అది దైవికమన్నారు. హరిత ట్రైబ్యునల్ ఆ మాట ఒప్పుకోకుండా 2016 ఆగస్టులో 9 కోట్ల 26 లక్షల రూపాయలకు పైగా బాధితులకు చెల్లించమంది. మక్ ఎక్కడ వేయాలి, పాదం దగ్గర రక్షణ గోడ ఎంత ఎత్తుండాలి, వాలు ఎంత ఉండాలి, వరదమట్టానికి ఎంత పైన ఉండాలి అన్నవి పూర్తిగా మన ప్రశ్నలు. అనుమతి పత్రంలో అవి షరతులుగా రాసే ఉంటాయి. అవి బీఓక్యూలోకి (టెండరులో పనుల పరిమాణాల పట్టికలోకి) ఎందుకు రావు? ప్రతి షరతునూ ఒక ఐటెంగా రాసి, పరిమాణం వేసి, రేటు కట్టి టెండరులో పెడితే కాంట్రాక్టరు కట్టి తీరతాడు, సైటు ఇంజనీరు (ఏఈఈ) కొలిచి కొలతల పుస్తకమైన ఎం‌-బుక్‌లో ఎక్కిస్తాడు. “పర్యావరణ నిర్వహణ ప్రణాళిక పాటించవలెను” అని ఒకే వాక్యం సాధారణ నిబంధనల్లో పడేస్తే దాన్ని కొలిచేవాడు లేడు, బిల్లు పెట్టేవాడూ లేడు. ఆర్నెల్లకోసారి పంపే నివేదికలో మాత్రం “పాటిస్తున్నాం” అని రాస్తాం. ఆ నివేదిక రాసిన చేతులు కూడా మనవే.

ఇదంతా బాగా జరిగిన చోట ఎలా ఉంటుందో చూడాలంటే దూరం వెళ్లనక్కర్లేదు. నిర్మల్, హైదరాబాద్, కర్నూలు, అనంతపురం మీదుగా పోయే 44వ జాతీయ రహదారే ఉత్తరాన మహారాష్ట్రలో పెంచ్ పులుల అడవి పక్క నుంచి వెళుతుంది. అక్కడ విస్తరణ కోసం చెట్లు నరుకుతుంటే 2015లో బాంబే హైకోర్టు నాగపూర్ బెంచి కల్పించుకుంది. వన్యప్రాణి సంస్థ శాస్త్రవేత్తలూ హైవే ఇంజనీర్లూ కూర్చుని వాదులాడుకున్నారు. చివరికి జంతువులు దాటడానికి తొమ్మిది కట్టడాలు కట్టారు. వాటిలో కొన్ని యాభై మీటర్లు, ఒకటి ఏకంగా 750 మీటర్ల పొడవు. 2019లో కెమెరాలు పెట్టి చూస్తే 18 రకాల అడవి జంతువులు వాటి కింద నుంచి నడిచి వెళ్లాయి, వేర్వేరు పులులే 11. పైన లారీలు నిమిషం ఆగకుండా పోతూనే ఉన్నాయి. ఆ ఫొటోలు మొదటిసారి చూసినప్పుడు నాకు కన్నీళ్లొచ్చాయి. రెండు స్తంభాల మధ్య స్పాన్ పొడవు, ఒక పియర్ (స్తంభం) స్థానం, కింద క్లియరెన్స్ ఎంత అన్న మన మామూలు లెక్కలే ఆ పులికి దారి ఇచ్చాయి. తిప్పేశ్వర్ నుంచి పెన్‌గంగ దాటి పులులు ఆదిలాబాద్ వైపు వస్తూనే ఉన్నాయి. ఆ జిల్లాలో ఇవాళ రోడ్డు గీస్తున్న ఇంజనీరు ఎవరైనా ఈ ఉత్తరం చదువుతుంటే, పెంచ్ వెళ్లి ఆ వంతెనల కింద ఒకసారి నడిచి రావాలని నా కోరిక.

పోలవరంలో వరద నీరు వదిలే స్పిల్‌వేలో కట్టిన ఫిష్ ల్యాడర్ (చేపలు పైకి ఎక్కే దారి) కూడా అలాంటిదే. పులస ఎదురీది పైకి పోవాలన్న ఆలోచన స్పిల్‌వే గీస్తున్నప్పుడే వచ్చింది కాబట్టి కాంక్రీటులో దానికి చోటు దొరికింది. ధవళేశ్వరంలో 1852 నాటికి కాటన్ ఆనకట్ట పూర్తయినప్పుడు ఈ చట్టాలేవీ లేవు. మనకున్నాయి.

అదే పోలవరంలో రెండో పాఠం కూడా ఉంది. 2005 అక్టోబరులో అనుమతి వచ్చింది. ముంపు ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌లకూ ఉండగా అక్కడ ప్రజాభిప్రాయ సేకరణ జరపలేదన్న కారణంతో 2007 డిసెంబరులో జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ దాన్ని కొట్టేసింది, తర్వాత హైకోర్టు ఆ ఉత్తర్వును ఆపింది. ఈలోగా డిజైన్ వరద, అంటే డ్యాము తట్టుకోవాల్సిన వరద, 36 లక్షల క్యూసెక్కుల నుంచి 50 లక్షల క్యూసెక్కులకు పెరిగింది. డ్యాము భద్రత కోసం అది పెరగాల్సిందే. కానీ వరద అంకె మారితే డ్యాము వెనక నీళ్లు ఎంతవరకు నిలుస్తాయో చూపే బ్యాక్‌వాటర్ గీత మారుతుంది, గీత మారితే ఊళ్ల జాబితా మారుతుంది. ఒడిశా ఇన్నేళ్లుగా కోర్టులో అడుగుతున్నది ఇదే. హైడ్రాలజీ సెల్‌లో ఒక అంకె సవరించిన రోజునే, ఆ కాగితం నకలు పర్యావరణ ఫైలుకూ వెళ్లాలన్న చిన్న పద్ధతి మనం ఎందుకు పెట్టుకోలేకపోయాం?

అనుమతి కోసం పెట్టే దరఖాస్తు, ఫారం-1, గురించీ చెప్పాలి. ప్రాజెక్టు చుట్టూ ఏముందో మొదట చెప్పేది అదే. గోవాలో మోపా విమానాశ్రయం కేసులో 2019 మార్చిలో సుప్రీంకోర్టు అనుమతిని నిలిపి ఉంచింది. ఫారంలో అడవుల గురించి, పర్యావరణపరంగా సున్నితమైన చోట్ల గురించి సరిగ్గా చెప్పకపోవడం అందుకు పెద్ద కారణం. తర్వాత 2020 జనవరిలో అదనపు షరతులతో ఒప్పుకుంది. పది నెలలు పోయాయి. ఆ ఫారంను చాలాచోట్ల కన్సల్టెంటు దగ్గర పనిచేసే కుర్రాడు పాత ప్రాజెక్టు ఫైలు చూసి నింపుతాడు. సైటు తెలిసిన ఇంజనీరు ప్రతి గడీ చదివితే తప్ప అది నిజం చెప్పదు. “ప్రత్యామ్నాయాలు” అనే అధ్యాయమూ అంతే. అలైన్‌మెంట్ ఖరారయ్యాక, రెండు ఊహాజనిత గీతలు పక్కన గీసి, అవి ఖరీదెక్కువని రాసి ముగిస్తారు. నేనూ అలా రాయించాను. మీరు నిజంగా తూచి వదిలేసిన గీత ఏదో, ఎందుకు వదిలేశారో రాయండి చాలు. మదింపు చేసే కమిటీలో కూర్చున్నవాళ్లకు అబద్ధపు గీత ఏదో, నిజమైన గీత ఏదో మొదటి చూపులోనే తెలుస్తుంది.

చట్టంలో లోపాలు లేవా అంటే ఉన్నాయి. నదీలోయ ప్రాజెక్టులకు మూడు రుతువుల వివరాలు సేకరించాలంటారు. చాలా ఇతర ప్రాజెక్టులకు వానాకాలం కాకుండా ఒక్క రుతువు చాలంటారు. వానాకాలం చూడకుండా రోడ్డు కట్ట కింద కల్వర్టు ఎక్కడ పెట్టాలో ఎలా తెలుస్తుంది? నా ఒర్రె కనిపించనిది అందుకే. చట్టం ఒక్క రుతువే అడిగింది కదా అని మనమూ అక్కడే ఆగాలని ఎక్కడా లేదు. ఇక భాష. ముప్పై రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, కలెక్టరు గానీ అదనపు కలెక్టరు స్థాయికి తగ్గని అధికారి గానీ అధ్యక్షత వహించాలి, వీడియో తీయాలి, చివర్లో చర్చ సారాంశాన్ని స్థానిక భాషలో చదివి వినిపించాలి. ఇవన్నీ ఉన్నాయి. కానీ నివేదికలో తెలుగులో రావాల్సింది సారాంశం మాత్రమే. 2020లో కొత్త ఈఐఏ ముసాయిదా నోటిఫికేషన్‌ను రాజ్యాంగంలోని 22 భాషల్లోకి అనువదించమని ఢిల్లీ హైకోర్టు చెప్పాల్సి వచ్చింది. ముంపు మ్యాపులో తన సర్వే నంబరు ఉందో లేదో తెలుసుకోవడానికి రైతు ఇంగ్లిషు నేర్చుకోవాలా? డ్రాయింగుల మీద ఊరి పేర్లు, వాగుల పేర్లు, చెరువుల పేర్లు తెలుగులో రాయడానికి మనకు ఏ కోర్టు ఉత్తర్వూ అక్కర్లేదు. అది ఒక డ్రాఫ్ట్స్‌మన్‌కు రెండు రోజుల పని.

జూన్‌లో వానలు పడతాయి. మీ చేతిలో ఇప్పుడు ఏదో ఒక అలైన్‌మెంట్ ఉండే ఉంటుంది. జూలైలో, పెద్ద వాన కురిసిన మర్నాడు, ఆ షీట్లు ప్రింటు తీసుకుని ఊరు ఊరూ నడవండి. మేకలు కాసేవాళ్లను, చేపలు పట్టేవాళ్లను, చెరువు తూము తీసే నీరటికాండ్లను అడగండి, నీళ్లు ఎటు నుంచి వచ్చి ఎటు పోతాయని. వాళ్లేమన్నారో ఏ చెయినేజీ (మొదటి నుంచి దూరం) దగ్గర అన్నారో ఎర్ర ఇంకుతో షీటు మీదే రాసుకోండి. ఆ ఎర్ర గీతలున్న షీట్లనే నివేదికకు అనుబంధంగా పెట్టించండి. ప్రజాభిప్రాయ సేకరణ రోజున వాటినే గోడకు తగిలించండి.

మీ సహోద్యోగి,
ఒక సివిల్ ఇంజనీరు